మోత లేని బ్లేడు

మోటార్ బాబాయ్‌కి చెవులు సరిగా వినపడవన్న సంగతి ఈ ఆసుపత్రి మొత్తంలో నా ఒక్కదానికే తెలుసు. ఇరవై ఆరేళ్లు గడ్డి కోసే పెట్రోలు మిషన్ వెనక నడిచిన మనిషి. ఆ మోతకే చెవులు పోయాయి, ఆ మోతతోనే పేరూ వచ్చింది. సంగతి బయటపడితే మిషన్ చేతిలోంచి లాగేసుకుంటారని ఆయన భయం. అందుకే పెదాల కదలిక చూసి అందినంత పట్టుకుని, ఎవరు ఏమన్నా నవ్వుతూ తలాడిస్తాడు. ఓసారి వంటగది ఆయా "మీ ఆవిడకి ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగితే, "ఇంకో రెండు వరసలే, అయిపోతుంది" అన్నాడు. ఆమె మొహం చూసి నేనే ఏదో సర్దిచెప్పాను.

నాది ఆయన వెనకే నడుస్తూ కోసిన గడ్డి పోగుచేసే పని. తడి గడ్డి మిషన్ కింద ఇరుక్కుంటే ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. ఆయన చేతుల్లో అదురు పోతుంది, నా చెవుల్లో మోత పోతుంది. మళ్లీ తాడు లాగితే గానీ అది తిరగదు. అప్పుడు నేను కింద చెయ్యి పెట్టి గడ్డి లాగేస్తాను. తొమ్మిదేళ్లుగా ఇదే పద్ధతి. అడగడాలు, చెప్పడాలు ఏమీ లేవు. మోత పోయిందంటే బ్లేడు చచ్చిందని లెక్క.

కిటికీల కింద ఆ పొగా మోతా భరించలేకపోతున్నామని రోగులు మొరపెట్టుకున్నారు. దాంతో పెట్రోలు మిషన్లన్నీ తీసేస్తామన్నారు. కొమ్మలు కత్తిరించేవి, ఆకులు ఊదేవి బ్యాటరీవి ముందే వచ్చాయి. వాటితో పేచీ లేదు. గడ్డి మిషన్లు మాత్రం రెండు రకాలు తెప్పించారు. వారం రోజులు వాడి, ఏది కొనాలో చెప్పమని సూపర్వైజరు బాబాయ్‌కే అప్పగించాడు. ఒకటి ఒంటిచేత్తో ఎత్తేయొచ్చు. రెండోది మొండి గేదెలాంటిది, తోస్తేనే కదులుతుంది. దానికి బ్యాటరీ పక్కన ఓ తాళం, అది పెడితేనే నడుస్తుంది.

సూపర్వైజరు తేలికదాన్ని తనే నడిపి చూపించాడు. "ఏమయ్యా, శబ్దమేమన్నా వినపడుతోందా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, బాబాయ్ గబుక్కున "లక్షణంగా వినపడుతోందండీ!" అన్నాడు.

"దగ్గరున్న నాకే వినపడట్లేదు, అంత దూరం నుంచి నీకెలా వినపడిందయ్యా?" అని సూపర్వైజరు నవ్వేశాడు. అందరూ నవ్వారు.

మూడోరోజు పొద్దున, పిల్లల వార్డు వెనక మంచుకి తడిసిన గడ్డిలో తేలిక మిషన్ ఇరుక్కుంది. ఉన్న కాస్త చప్పుడూ పోయింది. అలవాటు కొద్దీ మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి లోపల పెట్టాను. ముద్దగా అంటుకున్న గడ్డిని పట్టి ఒక్క లాగు లాగాను. ఆ ముద్దతోపాటు చెయ్యి బయటికి రావడం, బ్లేడు గిర్రున తిరగడం ఒకేసారి జరిగాయి. చేతితొడుగు రెండు వేళ్ల చివర్లు ఎగిరిపోయాయి. గొంతు చించుకుని అరిచాను. వార్డు కిటికీలోంచి నర్సు తొంగిచూసింది గానీ, నాకు రెండడుగుల దూరంలో ఉన్న బాబాయ్ తల తిప్పలేదు. మీట నొక్కిపట్టుకుని గోడవైపు చూస్తున్నాడు. నేను లేచి మొహానికి మొహం పెట్టాకే వదిలాడు.

"ఆగిపోలేదా?" అన్నాడు.

చేతుల్లో అదురు లేదు కాబట్టి చచ్చిందనుకున్నాడు. చావలేదది, మీట నొక్కే ఉంది, గడ్డి అడ్డం పడి ఆగిందంతే. ఆయన నా చెయ్యి లాక్కుని, తొడుగు పీకి, వేళ్లు ఒక్కొక్కటీ పట్టి చూశాడు. చూసినవే మళ్లీ చూశాడు. తర్వాత అక్కడే గడ్డిలో కూలబడ్డాడు.

"ఇది బతికుందో చచ్చిందో నా చేతులకి తెలీట్లేదమ్మా."

"ఎవరితో అనకు బాబాయ్. ఇకమీదట నేను చూసుకుంటాలే" అన్నాను. బుద్ధి తక్కువై అన్నాను. మిగిలిన రోజులన్నీ గడ్డి ఇరుక్కున్నప్పుడల్లా చెయ్యి ముందుకు పోనని మొరాయించేది. రాత్రి అన్నం కలుపుతూ కూడా వేళ్లు చూసుకునేదాన్ని.

శనివారం సూపర్వైజరు కాగితం తీసుకుని వచ్చాడు. మిగతా తోటవాళ్లంతా తేలికదే కావాలని ముందే చెప్పేశారు. బాబాయ్ మొండిదాన్ని చూపించాడు.

"నీకేమన్నా మతిపోయిందా? దాన్ని తోసేసరికి నడుం పడిపోతుంది!"

"దానికి తాళం ఉందండీ. తీసి ఈ అమ్మాయి చేతిలో పెడితే ఇక తిరగదు."

"మీట వదిలేస్తే తేలికదీ తిరగదుగా?"

సూపర్వైజరు వెనక నిలబడి నేను వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతున్నాను. బాబాయ్ నన్ను చూశాడు. చూసి కూడా చెప్పేశాడు.

"వదలాలని నాకు తెలియాలి కదండీ. నాకు చెవులు వినపడవు. మొన్న ఈ పిల్ల చెయ్యి పోవాల్సింది."

ఎవరూ నవ్వలేదు. సూపర్వైజరు కాగితం మీద మొండిదాని పేరే రాసుకున్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు, పని తీసెయ్యలేదు. "సోమవారం నుంచి మిషన్ ఈ అమ్మాయి నడుపుతుంది, నువ్వు గడ్డి ఎత్తు" అన్నాడు.

ఇప్పుడు మీట నా చేతిలో ఉంది. గడ్డి ఇరుక్కుంటే వంగేది బాబాయ్. ఆగమని నేను అరిచినా ఆయనకి వినపడదు. పాత అలవాటు నాది మాత్రమే కాదుగా. మిషన్ ఆగీ ఆగకముందే ఆయన చెయ్యి కిందకి పోతుంది. మీట వదిలి, తాళం పీకి, పరుగున వెళ్లి ఆ మణికట్టు పట్టుకుని, తాళం ఆయన కళ్లముందు ఆడించాకే వదులుతున్నాను. ఒక్కోసారి నేను తాళం పీకేలోపే ఆ చెయ్యి లోపల ఉంటోంది.