పేర్లు మడిచిన పేపర్లు

మా వదిన, అంటే మా ఆయనకి అక్క, ఇంగ్లీషు చెప్పడానికి ఈ దేశం వచ్చింది. ఆమె వెనకాలే మేమిద్దరం వచ్చి, ఆమె ఇంట్లోనే ఉండిపోయాం. ఆమె పోయి ఇంకా ఏడాది కాలేదు.

బళ్లో వదిన ప్రాణం తీసినవి మార్కులే. ఒకే వ్యాసం ఒక టీచరు దగ్గర పాసు, పక్క గదిలో ఫెయిలు. "పిల్లలు రాసేది వ్యాసమా, లాటరీ టిక్కెట్టా?" అని కంచం ముందు కూడా రుసరుసలాడేది. అందరూ ఒకే కొలతతో దిద్దాలని ఆమె పట్టు. పక్క గది పొడుగు మాస్టారు మాత్రం అడ్డం తిరిగాడు. చివరికి హెడ్మాస్టరమ్మ మీటింగు పెడతానంది. అందులో అందరూ ఒప్పుకుంటే సరి, లేకపోతే ఆ మాట ఇంక ఎత్తకూడదు.

ఆ వారం వదిన పేపర్లు నా ముందు పడేసింది.

"పేర్లు కనపడకుండా పైఅంచు మడిచి పిన్ను కొట్టు మరదలా."

"నాకు ఇంగ్లీషు రాదు కదా వదినా."

"అందుకేగా నిన్ను పెట్టుకుంది! ఏ పిల్ల మీదా నీకు జాలి పుట్టదు."

మార్కులు పేపరు మీద కాక విడి చీటీల మీద వేసి నాకిచ్చేది. "దిద్దినవాటిలో ఒకటి నాకు చెప్పకుండా మళ్లీ కట్టలో కలుపు. నా చెయ్యి ఎంత నికరమో చూద్దాం" అంది ధీమాగా.

కలిపాను. రెండు చీటీలూ పక్కపక్కన పెట్టేసరికి ఆమె మొహం పాలిపోయింది. మొదటిసారి ఇరవైకి పదమూడు, పాసు. రెండోసారి ఎనిమిది, ఫెయిలు. పిన్నులు తీసి చూస్తే, రెండోసారి దానికి ముందు దిద్దిన పేపరు క్లాసులో అందరికంటే బాగా రాసే పిల్లది. దాని పక్కన ఇది వెలవెలబోయింది.

"మనం చెప్పకపోతే ఎవరికీ తెలీదులే వదినా" అన్నాను.

"ఫెయిలయిన పిల్లకి తెలుస్తుందే."

మర్నాడు ఆ రెండు చీటీలూ పట్టుకునే మీటింగుకి వెళ్లింది. నవ్వుకుంటూ తిరిగొచ్చింది.

"ముందు నా పరువు నేనే తీసుకున్నా. పొడుగాయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, 'నా చెయ్యి కూడా చూడండి' అన్నాడు. చూశాం. పాపం, నాకంటే ఘోరం!"

అప్పటినుంచి శనివారాలు టీచర్లు మా భోజనాల బల్ల దగ్గర చేరేవారు. ఒకే పేపరు అందరూ దిద్ది, చీటీలు బోర్లించి, ఒక్కసారిగా తిరగేసేవారు. తేడా వస్తే వాదులాట. టీలు చల్లారిపోయేవి. నేను మాడ్చిన వేపుడు నోట్లో వేసుకుని వదిన, "ఇరవైకి ఇరవై" అనేది.

"ఇదేం కొలత వదినా?"

"నీ దగ్గర నేను టీచర్ని కాదే, తిండిపోతుని."

ఆమె పోయాక ఇంక ఎవరూ రారనుకున్నాను. ఒక శనివారం తలుపు తీస్తే పొడుగు మాస్టారు, వెనక మరో ఇద్దరు. ఆయన వదిన కుర్చీ వదిలేసి పక్కదాంట్లో కూర్చున్నాడు. పేపరు పైఅంచు వేళ్లతో మడిచి చూపించి, కట్ట నా వైపు జరిపాడు.

పిన్నుల డబ్బా తెచ్చాను. చీటీలు తిరగేశారు. పదకొండు, పన్నెండు, పదకొండు. వాదులాటే లేదు.

ఆరోజు కూడా వేపుడు మాడింది. ముగ్గురూ మర్యాదగా తిన్నారు. మార్కులు ఎవరూ వెయ్యలేదు.