పాలిష్ పెట్టిన కార్బురేటర్

లారీ దిగేసరికి మోకాటి లోతు బురద. అరవైల ఆఖర్లో, కార్తీక మాసం. గాలివాన ఎల్లిపోనాది గానీ ముసురు ఒగ్గలేదు. వరి సేలన్నీ నీళ్ళల్లో పడున్నాయి. శ్రీకాకుళం జిల్లాలోనే, ఏజెన్సీ కొండల కింద ఒక ఊరు. పేరు సెప్పను. ఆ ఊరోళ్ళు ఇప్పటికీ మమ్మల్ని తిడతానే ఉండుంటారు, తిట్టనీయండి.

నరసన్నపేటలో టీ కొట్టు కాడ కూసుంటే సాలు, "మావా, తుపాకీ కత ఒకటి సెప్పు" అని మీద పడిపోతారు మీరు. మీకు కావలసింది తుపాకీ. నా కాడున్నది కార్బురేటర్. ఇనాలనుంటే ఇనండి, లేదా టీ తాగి లెగండి.

మాది పల్టన్లో ఇంజనీర్ల దళం. తుపాకులుండీవి, గానీ పని సెట్లు కొయ్యడం. కొండ మీద మా వోళ్ళ కాపలా పోస్టు ఒకటున్నాది. గాలికి దారి పొడుగునా సెట్లు అడ్డంగా పడిపోయి దానికి బియ్యం ఎల్లడం లేదు. దారి తెరవండి, అదీ ఆర్డరు. సామాను గొడ్డళ్ళు, తాళ్ళు, ఒక సేతి రంపం, ఒక మోటారు రంపం. ఆ మోటారు రంపం బయట దేశం సరుకు. ఇద్దరు పడితే గానీ లెగదు. దానికి మెకానిక్కుని నేను.

హవల్దారుది గుంటూరు పక్క. నా మాట ఆడికి ఎగతాళి. "ఏంట్రా నీ 'ఏటి'? ఏమిటి అనటం రాదా? మీ అమ్మ నేర్పలా?" అని అందరి ముందూ అనీవోడు. నేను పళ్ళు కొరుక్కుని "జీ సార్" అనీవోణ్ణి. వంటోడిదీ, వైర్‌లెస్సోడిదీ ఆ పక్కే. ముగ్గురూ కలిసి నవ్వీవోళ్ళు. నా మాట మాటాడీవోడు డ్రైవరొక్కడే. నరసన్నపేట పక్క పల్లెలో రైతుల పిల్లడు. ఆడూ నేనూ బావా అంటే బావా అనుకునీవోళ్ళం. మా ఆడదాన్ని ఆడు సెల్లి అనీవోడు. సెలవుకొస్తే మా ఇంటికొచ్చి, కూడు తిని గానీ ఆడి ఊరెల్లీవోడు కాదు.

ఊరోళ్ళయితే మమ్మల్ని సూస్తే తలుపులేసీవోళ్ళు. నూతి కాడికెల్తే ఆడోళ్ళు సేదా తాడూ ఎత్తుకుపోనారు. మేము దిగిన ధాన్యం గోడౌను పక్కనే ఒక ముసల్దాని ఇల్లు. "మాది శ్రీకూర్మం కాడేనమ్మా, మీ జిల్లావోణ్ణే. కాసింత నీళ్ళియ్యి" అన్నాను.

"అయితే ఏటి?" అన్నాది. "మొన్న ఒక గుంపొచ్చి నా కొడుకుని ఈ గుమ్మంలోనే తన్నినారు. ఆళ్ళూ తెలుగే మాటాడినారు. ఆ గుడ్డలు తొడిగినాక మీరందరూ ఒకటే. ఎల్లు!"

అది మేము కాదని సెప్పబోనాను. తలుపేసేసినాది.

రంపం మాత్రం మాట ఇన్నాది. మొదట్లో పెట్రోల్లో నీళ్ళు పడి తుక్కుతుక్కుమని ఆగిపోతే, కార్బురేటర్ విప్పి, కడిగి, బిగించినాను. దాని లోపల జెట్టని ఒక ఇత్తడి ముక్కుంటాది. శనగ్గింజంత. దానికి నడిమిని సన్న కన్నం. ఆ కన్నంలోంచే పెట్రోలు ఎల్లాల. అది మూసుకుపోతే అంత రంపమూ ఉత్త ఇనప ముద్ద. తరవాత రంపం ఊరి సివర మలుపు దాకా దారి కోసుకుంటూ పోనాది.

అప్పుడొచ్చినాది ఇనస్పెక్షను. కెప్టెన్ వస్తాడంట. పల్టన్లో అదొక తంతు. సామానంతా దుప్పట్ల మీద వరసగా పరిసి సూపించాల. ఇత్తడి కనబడిందంటే మెరవాల. బొత్తాం మెరవాల, బెల్టు బకిల్ మెరవాల. ఆ పొద్దు నన్నూ డ్రైవర్నీ బియ్యానికి శ్రీకాకుళం తోలినారు. తిరిగొచ్చేసరికి నా రంపం పొట్ట విప్పేసున్నాది. కార్బురేటర్ ముక్కలన్నీ దుప్పటి మీద తళతళ. వంటోడు గుడ్డ పట్టుకుని జెట్టుకి తెల్ల పాలిష్ రుద్దుతన్నాడు.

"ఎవుడు ముట్టుకున్నాడ్రా దీన్ని?" అని అరిసినాను.

"నేనే విప్పాను," అన్నాడు హవల్దారు. "అయితే ఏంటి?"

"సార్, ఆ పాలిష్ కన్నంలో ఎండిపోతే సున్నమయిపోతాది. పెట్రోలు ఎల్లదు. ఇప్పుడే కడిగి బిగించేస్తాను."

"నువ్వు నాకు పాఠాలు చెప్పకు. రేపు సాబు చూసేదాకా దుప్పటి మీద ఒక్క ముక్క కదిలినా నీ తోలు ఒలుస్తా."

మర్నాడు పొద్దున్న కెప్టెన్ వచ్చినాడు. జెట్టుని రెండేళ్ళతో ఎత్తి వెలుగులో తిప్పి సూసినాడు. "షాబాష్" అన్నాడు. రంపం నడుస్తాదా అని అడగలేదు. జీపెక్కి ఎల్లిపోనాడు. హవల్దారు మీసం దువ్వుకున్నాడు. ఇంకా జీపు చప్పుడు ఇనబడతానే ఉన్నాది, ఊరి సివర నుంచి ఫెళఫెళమని పెద్ద సౌండొచ్చినాది.

మలుపు కాడ పెద్ద మద్ది సెట్టు. వానకి ఏళ్ళు వదులైపోయి పడిపోనాది. సరిగ్గా బియ్యం లారీ మీద. దారి కోసినంత మేరా బియ్యం తోలుకెల్లిన డ్రైవరు లోపలున్నాడు. మాను ముందు భాగం మీదకి అడ్డంగా దిగి ఆడి తొడల్ని స్టీరింగు కింద నొక్కేసినాది. పైనంతా బాగానే ఉన్నాడు. నన్ను సూసి "బావా, కాళ్ళు తెలీడం లేదురా" అన్నాడు.

గొడ్డలి ఏస్తే, ఏసిన దెబ్బ దెబ్బకీ మాను అదిరి ఇంకాస్త దిగుతాది. ఆడి కేకకి గొడ్డలి ఒదిలేసినాం. సేతి రంపం పచ్చి కర్రలో ఇరుక్కుని బిగిసిపోనాది. ఇంక ఉన్నది మోటారు రంపమే. దుప్పటితో సహా మూట కట్టి తెచ్చినాను. లారీ పక్కనే, ఆడి కిటికీ కింద, వంటోడు టార్పాలిన్ పట్టుకున్నాడు. బిగించి తాడు లాగినాను. లెగలేదు. మళ్ళీ లాగినాను. ఊహూఁ. విప్పి సూస్తే జెట్టు కన్నంలో తెల్లగా సున్నం. నోటితో ఊదినాను. పెట్రోల్లో నానబెట్టినాను. కదల్లేదు. తీగ పెట్టి పొడుస్తే కన్నం పెద్దదయిపోతాది, అప్పుడు అసలే నడవదు. ఇంకో జెట్టు లేదు. కొత్త కార్బురేటర్ కావాలని ఎప్పుణ్ణుంచో అడుగుతన్నాను, ఎవుడికి పట్టినాది?

ఎనకాల వైర్‌లెస్సోడు ఆడి పెట్టెలో అరుస్తన్నాడు. "డాక్టరు బయల్దేరాడా? ఓవర్."

"నాగావళి పొంగింది. బండి ఆగిపోయింది. ఓవర్."

సన్నగా, మెత్తగా ఉన్న పుల్ల ఒకటి కావాల. మలుపు కాణ్ణుంచి కనబడతానే ఉన్నాది ముసల్దాని అరుగు, దాని మీద కొండ సీపురున్నాది. పరుగెట్టినాను. "అమ్మా, ఆ సీపురు ఒక్కపాలి ఇయ్యి, మా వోడు సచ్చిపోతన్నాడు."

"నా కొడుకు ఏడిసినప్పుడు నువ్వొచ్చినావేటి?" అన్నాది. సీపురెత్తి నా మొకం మీద ఒక్కటిచ్చినాది. "తీస్కో! మీ మొకాలకి అదే!" అని ఇసిరేసినాది.

మా పక్క సీపురు దెబ్బ తిన్నోడు పదిమందిలో తలెత్తడు. ఊరంతా గుమ్మాల్లోంచి సూస్తన్నాది. మా వోళ్ళూ సూసినారు. నేను బురదలోంచి సీపురు తీసి సివర సన్న పుల్ల తెంపుకున్నాను. నాకప్పుడు సిగ్గూ లేదు, లజ్జా లేదు.

కిటికీలోంచి డ్రైవరు నవ్వినాడు. ఆ నొప్పిలో. "ఏటి బావా, సీపురు దెబ్బ తిన్నావేటి? ఉండు, ఇంటికెల్లి మా సెల్లికి సెప్తాను."

"సెప్దువుగాని. మాటాడకు."

"ఏదీ, ఏటది? ఇటియ్యి సూద్దాం." కన్నంలో పుల్ల పెట్టీ ముందు జెట్టుని కాసింత సేపు ఆడి సేతికిచ్చినాను. మాటాడుతుంటే మెలకువగా ఉంటాడని. బురద ఏళ్ళ మధ్య పట్టుకుని సూసినాడు. "అబ్బో, బంగారంలాగే ఉన్నాది కదురా. ఎవుడు తోమినాడో గానీ బాగా తోమినాడు. మా సెల్లికి ముక్కుపుడక సేయించు బావా."

నిన్న ఆడు లారీ కాడే ఉండిపోనాడు, పాలిష్ సంగతి ఆడికి తెలీదు. నేను సెప్పలేదు. హవల్దారు అక్కడే నిలబడి ఇంటన్నాడు.

పుల్ల మొన పెట్రోల్లో ముంచి కన్నంలో తిప్పినాను. తెల్ల పొడి రాలినాది. మళ్ళీ తిప్పినాను. వెలుగుకి పెట్టి సూస్తే సూది మొనంత ఆకాశం కనబడినాది. బిగించినాను. తాడు లాగితే రంపం అందుకున్నాది. హవల్దారు, "శభాష్, కానీ" అన్నాడు. నోరుముయ్యమని తెలుగులో సెప్పినాను, మా అమ్మ నేర్పిన తెలుగులోనే.

మద్ది కర్ర రాయి. కోసేసరికి పొద్దు కొండ దిగిపోతన్నాది. మాను ఎత్తగానే, అంతసేపూ దాని కింద నొక్కుకుపోయున్న నెత్తురంతా ఒక్కసారే వొచ్చేసినాది. పగ్గం కట్టినాం, బెల్టు కట్టినాం. ఆగలేదు. ఆడి తల నా ఒళ్ళోనే ఉన్నాది. డాక్టరు పడవ మీద ఏరు దాటి, నడిసొచ్చి సూసి, "ముందే తీసుంటే దక్కేవాడు" అని సెయ్యి కడుక్కున్నాడు.

నేను లెగిసి హవల్దారు గొంతు పట్టుకున్నాను. ఒదలకూడదనే పట్టుకున్నాను. వంటోడూ వైర్‌లెస్సోడూ ఇడిపించినారు. శిచ్చ నాకే పడినాది. బరువు మోసుకుని వానలో పరుగెట్టమన్నారు, పరుగెట్టినాను. గాలివానకి సెట్టు పడి సచ్చిపోనాడని పైకి సెప్పినారు. పాలిష్ మాట ఎవుడూ ఎత్తలేదు.

శవాన్ని ఇంకో లారీకెత్తుతుంటే ముసల్ది సీపురు కోసం వచ్చినాది. "ఈడు ఎక్కడోడు?" అనడిగినాది. "నరసన్నపేట కాడోడు" అన్నాను. కాసేపు సూసి, సీపురు తీసుకోకుండానే ఎల్లిపోనాది.

ఆ ఏడే సర్వీసు అయిపోయి ఇంటికొచ్చేసినాను. మా ఆడది మొదట అడిగిన మాట, "అన్న ఆఖర్న ఏటన్నాడు?" నీకు ముక్కుపుడక సేయించమన్నాడని సెప్పినాను. గోడకి తల ఆన్చి ఏడిసినాది. ఇంతవరకూ సేయించలేదు. ఆమె అడగలేదు. పండక్కి సింతపండెట్టి ఇత్తడి సామాను తోముతుంటే నేను ఇంట్లో ఉండను. ఏటి మావా, పండగ పూటా టీ కొట్టేనా అని మీరు నవ్వుతారు. నవ్వండి. నాకు మాత్రం ఆ లారీ కిటికీలోంచి బురద ఏళ్ళు రెండు కనబడతాయి. వాటి మధ్య శనగ్గింజంత ఇత్తడి ముక్క మెరుస్తన్నాది. ఆడు దాన్ని వెలుగుకి పెట్టి, బాగుందని నవ్వుతన్నాడు.