మేక నోటికి అందని కాగితం

ముందే చెబుతున్నాను, నాకు రాయడం సరిగా రాదు. చదివింది ఐదో తరగతి. అందులోనూ నాట్ల రోజులు, కోతల రోజులు తీసేస్తే నాలుగున్నర అవుతుందేమో. జాకెట్టుకు ఎక్కడ మడత పెట్టాలో కళ్లు మూసుకుని చెబుతాను గాని, అక్షరానికి ఒత్తు ఎక్కడ పెట్టాలో కళ్లు తెరిచి చూసినా తెలియదు. మా బిడ్డను దిద్దిపెట్టమంటే ఒప్పుకోలేదు. "నేను దిద్దితే నాదైతది. నీది నువ్వే రాయి" అంది. అందుకని తప్పులతోనే రాస్తున్నాను.

ఈ సంగతి మా బిడ్డ కాలేజీ స్కాలర్‌షిప్పు గురించి. కానీ మొదలు మాత్రం ఒక మేక దగ్గర.

మా తల్లిగారి ఊరు తొగుట దగ్గర. అక్కడ ఐదో తరగతి దాకానే బడి. ఆరు చదవాలంటే పక్క ఊరికి నడిచిపోవాలి, టీసీ కాగితం తీసుకుపోవాలి. పెద్దసారు టీసీ రాసిచ్చాడు. బాపు దాన్ని కొట్టం చూరులో చెక్కాడు. రాత్రి గాలికి కింద పడింది. పొద్దున్నే లేచి చూస్తే మా మేక దాన్ని నములుతోంది. నేను గుంజితే ముక్క మిగిలింది. ఆ ముక్క మీద బడి ముద్ర ఉంది గాని నా పేరు లేదు. పేరు మేక కడుపులోకి పోయింది.

నేను ఏడుస్తుంటే బాపు అన్నాడు, "ఏడ్వకు బిడ్డా. కాయితం దాని కడుపుల ఉన్నది గదా, ఆరో తరగతికి మేకనే తోలుదాం."

ఇంట్లో అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. మరునాడు కలుపు తీయడానికి పోయాను. అంతే, నా చదువు అయిపోయింది. పెద్దసారును అడిగితే ఇంకో టీసీ రాసిస్తాడని నాకు పెళ్లయ్యాక తెలిసింది. అప్పుడు ఎవరూ అడగలేదు, ఎవరూ పోలేదు. ఇప్పుడు అడుగుదామన్నా ఆ బడి లేదు, రిజర్వాయరు నీళ్ల కింద ఉంది.

ఆ రోజు నుంచి నాకు కాగితమంటే భయం. సిద్దిపేటకు వచ్చి కుట్టు మిషను పెట్టుకున్నాక జిరాక్సు దుకాణంలో లామినేషన్ చూశాను. కాగితాన్ని ప్లాస్టిక్‌లో పెట్టి వేడి మిషనులోంచి తీస్తే నీళ్లు తగలవు, చెదలు పట్టవు. మేక నమిలినా పండ్లు జారుతాయి. ఇంతకంటే మంచిది ఏముంటుంది? ఆధార్ కార్డులు చేయించాను. రేషను కార్డు చేయించాను. బిడ్డ పదో తరగతి మెమో చేయించాను. ఒకసారి కరెంటు బిల్లు కూడా చేయించాను. దానికి మా ఇంటాయన నెల రోజులు నవ్వాడు.

మా ఇంటాయన వరికోత మిషను నడుపుతాడు. కోతలప్పుడు ఎక్కడ పొలం ఉంటే అక్కడే ఉంటాడు. వారానికో పదిరోజులకో బట్టల కోసం ఇంటికొస్తాడు. ఏ పని చెప్పినా "మీ అమ్మ చూసుకుంటది" అని బిడ్డతో అంటాడు. అమ్మకు ఎంత కనిపిస్తుందో ఆయనకు తెలియదు.

బిడ్డ ఇంటర్ పాసై డిగ్రీ కాలేజీలో చేరింది. స్కాలర్‌షిప్పు వస్తేనే ఫీజు కట్టినట్టు. రాకపోతే మేము కట్టే దారి లేదు. బిడ్డ ఆ మాట నాతో అనలేదు గాని, బట్టల దుకాణంలో చీరలు చూపించే పని ఉందా అని అడిగి వచ్చిందట. వాళ్లు వచ్చే నెల నుంచి రమ్మన్నారట. పక్కింటామె చెబితే నాకు తెలిసింది. నాకు మళ్లీ మేక కళ్ల ముందుకొచ్చింది.

అందుకని మేమిద్దరం కాగితాల వెంట పడ్డాం. ఒక కాగితం కోసం పోతే ఇంకో కాగితం తెమ్మనేవారు. ఆదాయం సర్టిఫికెట్ కోసం పోయినప్పుడు కిటికీలో కూర్చున్నాయన అడిగాడు.

"ఏడాదికి ఆదాయం ఎంతమ్మా?"

"ఉంటే గీడికెందుకు వస్త సారూ?"

"లేదని రాసుడు కుదరదమ్మా. ఎంతోకొంత ఉండాలె."

"గట్లయితే నువ్వే మంచిగ చూసి రాయి సారూ, నీ చేతి చలువతోనన్న మాకు గంత వస్తదేమో."

ఆయన నవ్వాడు. బిడ్డ మాత్రం నా మోచేతిని గిల్లింది.

ఆఖరికి బిడ్డ ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపి ప్రింటు తీయించింది. అది ఇంగ్లీషులో ఉంది. కింద మూడు సంతకాలు కావాలి. ఒకటి బిడ్డది, ఒకటి ఇంటి పెద్దది, ఒకటి ప్రిన్సిపాల్‌ది. ప్రిన్సిపాల్ సంతకం మీద ముద్ర కూడా పడాలి. మా ఇంటాయన ఒక మధ్యాహ్నం బట్టల కోసం వచ్చి, నిలబడే సంతకం పెట్టి పోయాడు. బిడ్డ తనది పెట్టింది. ఆదాయం సర్టిఫికెట్ సాయంత్రం చేతికొస్తుంది, రెండూ కలిపి రేపు ఇస్తానని, దరఖాస్తును నా మిషను మీద పెట్టి కాలేజీకి పోయింది. ఆ రేపే ఆఖరు రోజు.

నేను మిషనుకు నూనె వేస్తున్నాను. ఒక్క చుక్క, ఆవగింజంత చుక్క, దరఖాస్తు మూల మీద పడింది.

కొంగుతో అద్దాను, పోలేదు. ఇవాళ నూనె, రేపు నీళ్లు, ఆ తర్వాత ఎలుక. కాగితాన్ని చీర కొంగులో దాచుకుని జిరాక్సు దుకాణానికి ఉరికాను. ఆ దుకాణం భాయ్ నాకు పాత పరిచయం.

"అక్కా, దీని మీద సైన్లు అన్నీ అయినయా?" అని అడిగాడు. "లోపలికి పోయినంక మళ్ల బయటికి రాదు. సోంచాయించుకో."

నాకు ఇంగ్లీషు చదవడం రాదని ఆయన ముందు ఒప్పుకోవడం ఇష్టం లేకపోయింది. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, చదివినట్టు తల ఊపాను.

"అన్నీ అయినయ్ భాయ్. మంచి మందం ప్లాస్టిక్ వెయ్యి."

"గట్టిది వేస్త. నీ మనవరాలు గుడ చూస్తది దీన్ని."

వేడివేడి అప్పడంలా బయటికొచ్చింది. తళతళ మెరుస్తోంది. దాన్ని గోడకు ఆనించి పెట్టి బిడ్డ కోసం ఎదురుచూశాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

సాయంత్రం బిడ్డ వచ్చి చూసింది. వేలితో దాన్ని గోకింది.

"అవ్వా, గిదేంది?" అంది. మా దిక్కు అమ్మను అవ్వ అంటారు.

"లామినేషన్. నూనె చుక్క పడ్డదే. ఇగ ఏం కాదు."

"ప్రిన్సిపాల్ సారు సంతకం ఏడ పెట్టాలె?"

"పైన పెట్టమను."

"ప్లాస్టిక్ మీదనా? ముద్ర ఎట్ల వేస్తరు? జారదా?"

అప్పుడు తెలిసింది నాకు. బిడ్డ పెన్నుతో ప్లాస్టిక్ మీద గీసి చూపించింది. గీత పడలేదు. బ్లేడు తెచ్చి అంచు కోసి ప్లాస్టిక్ ఊడదీద్దామని చూశాం. ప్లాస్టిక్‌తో పాటు కాగితం పొర కూడా లేచింది. వాళ్ల నాయన సంతకంలో సగం పైకి వచ్చింది, సగం కింద ఉండిపోయింది. బిడ్డ దాన్ని చూసి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. నేను తప్పు చేసిన పిల్లలా మూలకు కూర్చున్నాను.

"పోనీ తియ్యే," అంది బిడ్డ. "ఇంకో ప్రింటు తీస్త. కానీ నాయిన సంతకం మళ్ల కావాలె. నాయిన కోహెడ కాడ ఉన్నడు. నాకు రేపు పరీక్ష ఉన్నది."

"నేను పోతా," అన్నాను. అనగానే నాకు కొంచెం ధైర్యం వచ్చింది. నా టీసీ కోసం ఎవరూ పోలేదు గదా, దీని కోసం నేను పోతానని మనసులో అనుకున్నాను.

పొద్దున్నే బిడ్డ రెండు ప్రింట్లు తీయించి, రెండింటి మీదా తన సంతకం పెట్టి ఇచ్చింది. "ఒకటి ఖరాబైతే ఒకటి ఉంటది. దండం పెడుత, దుకాణం దిక్కు పోకు" అంది.

కోహెడ బస్సెక్కాను. మా ఇంటాయన ఫోను మోగుతోంది గాని ఎత్తడం లేదు. మిషను మీద ఉంటే ఆ చప్పుడులో ఏమీ వినబడదు. కోహెడలో దిగి చాయ్ హోటల్ దగ్గర కోత మిషను ఎక్కడుందని అడిగితే, "ఏ మిషనమ్మా, మూడున్నయి" అన్నారు. మొదటి మిషను దగ్గరికి పోతే ఆయన కాదు. రెండో దాని దగ్గరికి పోతే డ్రైవరు అన్నం తింటున్నాడు, నన్నూ తినమన్నాడు. మూడోది గట్ల మీదుగా చాలా దూరం. చెప్పులు చేతపట్టుకుని పోయాను. ముఖానికి తువ్వాల చుట్టుకుని, పొట్టు దుమ్ములో మిషను మీద కూర్చున్నాడు మా ఇంటాయన. నన్ను చూసి అదిరిపడి మిషను ఆపాడు.

"ఏమైందే? ఎవలన్న పోయిన్రా?"

"ఎవ్వలు పోలే. నీ సంతకం పోయింది."

"నా సంతకం ఏడికి పోతదే?"

"ప్లాస్టిక్‌ల చిక్కింది."

నేను చెప్పింది విని ఆయన స్టీరింగు మీద తల పెట్టి నవ్వాడు. "కరెంటు బిల్లు అయిపోయింది, దరఖాస్తు అయిపోయింది, ఇగ నన్ను గుడ చేపియ్యి" అన్నాడు. పొలం ఆసామి గట్టు మీద నుంచి కేకేశాడు. "మిషను గంటల లెక్క మీద నడుస్తది! ముచ్చట్లు ఇంటికాడ వెట్టుకోన్రి!"

మా ఇంటాయన చేయి తువ్వాలకు తుడుచుకుని, మిషను రేకు మీద కాగితం పెట్టి పెద్దగా సంతకం చేశాడు. "చూడు, ఎంత జాగ ఇచ్చిన్రో. మొన్న ఇరుకుల పెట్టిన, ఈసారి సక్కగ పెట్టిన" అన్నాడు. రెండో కాగితం తీసేలోపు ఆసామి మళ్లీ కేకేశాడు. ఒకటి చాలులే అనుకుని నేను తిరిగొచ్చాను.

బస్సు దిగి కాలేజీ గేటు దగ్గరికి పోయేసరికి నాలుగున్నర దాటింది. ఆఫీసు ఐదుకు మూస్తారు. బిడ్డ ఆదాయం సర్టిఫికెట్ పట్టుకుని గేటు దగ్గరే ఉంది. నేను కాగితం గొప్పగా చేతికిచ్చాను. బిడ్డ చూసింది.

"అవ్వా, నాయిన ప్రిన్సిపాల్ అయిండు."

"ఏందీ?"

"ముద్ర వేసే జాగల పెట్టిండే. గింత పెద్దగ!"

రెండో కాగితం ఉంది గాని దాని మీద ఆయన సంతకం లేదు. మళ్లీ కోహెడ పోయిరావాలంటే చీకటి పడుతుంది. బిడ్డ నా చేయి పట్టుకుని, "రా, అడిగి చూద్దాం" అంది. లైనులో నిలబడ్డాం. నేను పొలం బురదతో, తలలో పొట్టుతో ఉన్నాను. మా వంతు వచ్చేసరికి గడియారం ఐదుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

ఆఫీసు సారు రెండు కాగితాలూ చూశాడు. మొదటి దాన్ని చూసి నవ్వు ఆపుకున్నాడు. రెండో దాన్ని ముందుకు తోశాడు.

"దీని మీద ఇంటి పెద్ద సంతకం లేదు."

"ఆయన కోహెడల ఉన్నడు సారూ. రేపు తెస్త..."

"రేపు తీస్కోం. నువ్వెవరమ్మా?"

"తల్లిని సారూ."

"మరి నువ్వు పెట్టు."

నేను బిడ్డ ముఖం చూశాను. బిడ్డ నా ముఖం చూసింది.

"నాది నడుస్తదా సారూ?"

"తల్లిదండ్రులల్ల ఎవలదన్న ఒకరిది నడుస్తది. గీడ రాసే ఉన్నది."

బిడ్డకు ఇంగ్లీషు వచ్చు. ఆ ముక్క తను కూడా చదివే ఉంటుంది. అయినా ఇన్నేళ్లూ ప్రతి కాగితం మీదా నాయన పేరు, నాయన సంతకమే కదా, నన్ను పెట్టమనవచ్చని ఇద్దరికీ తోచలేదు. నేను గట్ల మీద, చెప్పులు చేతిలో పట్టుకుని వెతికిన సంతకం నా చేతిలోనే ఉంది.

పెన్ను తీసుకున్నాను. నేను సంతకం పెట్టేది మహిళా సంఘం పుస్తకంలోనే, అది కూడా నెలకొకసారి. మొదటి అక్షరం దిద్దాను. రెండోదానికి గుడి పెట్టాను. మూడోదానికి ఒత్తు ఉందా లేదా అని ఆగిపోయాను. వెనక లైనులో గొణుగుతున్నారు.

"అమ్మా, గది సంతకమా, ఉత్తరమా?" అన్నాడు ఆఫీసు సారు.

"ఆగు సారూ. కాలేజీల మొదటిసారి పెడుతున్న. సక్కగ పెట్టనియ్యి."

వెనక ఎవరో ఆడపిల్ల నవ్వింది. బిడ్డ నవ్వలేదు, నా వేళ్ల వైపే చూస్తోంది. ఒత్తు పెట్టేశాను. తప్పో ఒప్పో నాకు తెలియదు. సారు కాగితం లోపలికి తీసుకుపోయాడు. కాసేపటికి ముద్ర దబ్బుమని పడిన చప్పుడు వినిపించింది. అంత మంచి చప్పుడు నేను ఎప్పుడూ వినలేదు.

మరునాడు పొద్దున బిడ్డ ఫోను చూసి తల పట్టుకుంది. దరఖాస్తుల గడువు ఇంకో నెల పెంచారట. నేను కోహెడ పొలాల్లో పొర్లింది ఊరికేనే. మా ఇంటాయనకు ఫోనులో చెబితే, "మరి నన్ను ప్రిన్సిపాల్ పనికెల్లి తీసేసినట్టేనా?" అన్నాడు.

స్కాలర్‌షిప్పు ఇంకా చేతికి రాలేదు. బిడ్డ రోజూ ఫోనులో చూసి "అవ్వా, ఇంకా పని నడుస్తున్నది" అంటుంది. కానీ దరఖాస్తు తీసుకున్నారు గనుక కాలేజీలో ఫీజు అడగడం లేదు. బట్టల దుకాణం వాళ్లకు రానని చెప్పి వచ్చింది. ఈసారి పక్కింటామెతో కాదు, నాతోనే చెప్పింది.

పాత లామినేషన్ దరఖాస్తు పారేయలేదు. జాకెట్టు మెడలు గీసుకోవడానికి గుడ్డ కింద పెట్టుకుంటున్నాను. నున్నగా ఉంటుంది. గీసినప్పుడల్లా లోపల సగం సంతకం కనిపిస్తుంది.

ఇంతే నేను రాయగలిగింది. ఒత్తులూ దీర్ఘాలూ తప్పు పోతే పెద్ద మనసుతో మన్నించండి. ఈ కాగితాన్ని లామినేషన్ చేయించలేదు. పెన్ను పడుతుంది, తప్పు కనిపించిన చోట మీరే దిద్దుకోండి.