ఎనిమిదో అంతస్తులో మూడు సద్ది మూటలు

2023 నవంబర్ 6, సోమవారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు నా ఫోన్ మోగింది. చేసింది నా పాత హాస్టల్ పిల్ల. ఉట్నూర్ చుట్టుపక్కల బాలికల హాస్టళ్లలో నేను ముప్పై ఒక్క ఏళ్లు వార్డెన్‌గా పనిచేశాను. ఆ పిల్ల ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నా దగ్గరే ఉంది. ఇప్పుడు ఉట్నూర్‌లో సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతోంది. నేను రిటైరై కరీంనగర్‌లో ఉంటున్నాను.

"మంచిగున్నరా మేడం? మీ దగ్గర పెద్ద ఫోనే ఉన్నది గదా?"

"ఉన్నది బిడ్డా. ఏంది సంగతి?"

"ఒక ఆట ఉన్నది. ఆరుగురం గావాలె, ఒకామె ఇడిసిపెట్టి పోయింది, గిప్పుడు ఐదుగురమే ఉన్నం. అందరం మన హాస్టలోళ్లమే. మీరు ఊకె నిలబడితె సాలు, మేం ఆడుకుంటం."

నేను ఊరికే నిలబడే మనిషిని కాను. ఆ సంగతి ఆ పిల్లకు తెలిసి ఉండాల్సింది.

ఆట ఇది. ఎవరి ఫోన్లో వాళ్లు ఒక మనిషిని తయారు చేసుకోవాలి. ఆ మనుషులు ఆరుగురు కలిసి రాక్షసులను చంపుతూ తిరగాలి. అందరూ చెవుల్లో తీగలు పెట్టుకుని మాట్లాడుకోవచ్చు. నేను ముసలి మనిషిని తయారు చేసుకుందామని వెతికాను. ఆ ఆటలో పులి మొహాల వాళ్లున్నారు, కొమ్ముల వాళ్లున్నారు, తోకల వాళ్లున్నారు, ముసలివాళ్లు మాత్రం లేరు. చివరికి నక్క చెవుల పిల్లను ఎంచుకున్నాను. ఉన్నవాళ్లందరిలో ఒంటిమీద నిండుగా బట్టలున్నది ఆమెకే.

దుకాణం పిల్ల మా నాయకురాలు. డాలు పట్టుకుని ముందు నిలబడి దెబ్బలు తినేది ఆమె. లక్సెట్టిపేటలో నర్సుగా చేసే పిల్ల బాణాలు వేసేది. బెల్లంపల్లి పిల్ల కత్తి తిప్పేది. ఆమె భర్త బొగ్గుబావిలో పనిచేస్తాడు. "మా ఆయన మొదటి షిఫ్టు దిగెలోపట ఒక్క రాక్షసున్నన్న సంపుదాం మేడం" అని తొందరపెట్టేది. ఇంకా ఇద్దరు అక్కాచెల్లెళ్లు, నిప్పులు కురిపించేవాళ్లు. హాస్టల్లో ఎంత మాట్లాడేవాళ్లో ఆటలోనూ అంతే, అంటే ఏమీ మాట్లాడరు. నాకు వైద్యం ఇచ్చారు. దెబ్బలు తిన్నవాళ్లకు ప్రాణం పోయడం నా పని. రోజూ మధ్యాహ్నం రెండున్నర నుంచి మూడున్నర దాకా ఆడేవాళ్లం.

ఆరుగురు లేకపోతే ఆట మొదలే కాదు. నేను రాకపోతే ఐదుగురు ఆగిపోతారు. రిటైరయ్యాక నా కోసం ఆగినది ఒక్క పాలవాడు, అది కూడా చిల్లర కోసం. కాబట్టి ఆ ఆరో సీటు నాకు చాలా నచ్చింది. వారం తిరక్కముందే దాన్ని ఎవరికీ ఇవ్వకూడదనుకున్నాను.

మొదటి రోజే గొడవ మొదలైంది. నేను ఎడమ చివరన నిలబడ్డవాళ్లతో మొదలుపెట్టి వరసగా ఒక్కొక్కరికీ ప్రాణం పోస్తూ వచ్చాను. అందరికీ ఒకే కొలత.

"మేడం! నేను సస్తున్న!" అని నాయకురాలు అరిచింది.

"నీ వంతు వస్తది బిడ్డా, ఆగు."

"నా వంతు వచ్చెసరికి నా దినాలు గూడ అయిపోతయ్!"

వంతు రాకముందే ఆమె పడిపోయింది. ఆమె వెనకే మిగతా ఐదుగురమూ పడిపోయాము.

"గీడ బంతి లేదు, బువ్వ లేదు మేడం. దెబ్బలు తినేది నేను. ముందు నాకు పొయ్యిండ్రి."

"ఒకలకు ముందు, ఒకలకు ఎనుక పెట్టుడు నా సర్వీసుల లేదు."

నా సర్వీసు మొత్తంలో బంతిలో భేదం చేయలేదు. సర్పంచి బిడ్డకైనా, తండ్రి లేని పిల్లకైనా ఒక గంటె పప్పే. ముందు పెట్టమని ఎవరైనా లేచి అడిగితే, ఆమెకు చివర్లో పెట్టేదాన్ని. అలా లేచి అడిగినవాళ్లలో మా నాయకురాలే ఎక్కువసార్లు అడిగిందని చెప్పడం న్యాయం.

రెండో గొడవ పాయింట్ల దగ్గర వచ్చింది. ఒక్కో లెవెల్ పెరిగినప్పుడు మూడు పాయింట్లు ఇస్తారు. వాటిని బలం, ప్రాణం, మంత్రం, వేగం అనే నాలుగు గడుల్లో వేసుకోవాలి. ఎందులో ఎన్ని వేశామన్న దాన్నే బిల్డ్ అంటారు. వేసినది వెనక్కి రాదు. నచ్చకపోతే మొదటి లెవెల్ నుంచి కొత్త మనిషిని చేసుకోవాలి. పద్దెనిమిదో లెవెల్‌కు చేరేసరికి నాకు యాభై ఒక్క పాయింట్లు వచ్చాయి. నాలుగు గడుల్లో తలా పన్నెండు వేశాను. మిగిలిన మూడు పాయింట్లు నాలుగు గడులకు సమానంగా రావు కాబట్టి పక్కన పెట్టాను.

"మూడు పాయింట్లు ఊకెనే పెట్టిండ్రా?" నాయకురాలి గొంతు సన్నబడింది.

"ఇంకొకటి వస్తె తలా ఒకటి వేస్త."

ఫోన్లో వెనక నుంచి ఇంకో గొంతు వినిపించింది. అది ఆమె ఆడబిడ్డ. ఈమధ్యనే ఆదిలాబాద్ నుంచి వచ్చి దుకాణంలోనే ఉంటోంది. ఈ ఆటలో ఆరితేరిన మనిషి. మక్క పేలాలు నములుతూ అన్నది: "వదినా, ముసలామెను ఇంటికి తోలు. నేను ఖాళీగనే ఉన్న గదా."

"మేడంకు ఇనస్తది, మెల్లగ" అన్నది నాయకురాలు. వినిపించాలనే అన్నదని నాకు తెలుసు.

అది డిసెంబర్ 2, శనివారం. ఆ రోజు నాయకురాలు షరతు పెట్టింది. ఈ ఆటలో తొమ్మిదంతస్తుల బురుజు ఒకటి ఉంది. అది మూడు నెలలకొకసారి తెరుచుకుంటుంది. ఈసారి ఫిబ్రవరి 11న తెరుస్తారు. ఆలోపు పనికొచ్చే బిల్డ్ చేసుకుని బురుజులో నిలబెడితే సీటు నాది, లేకపోతే ఆడబిడ్డది.

నేను నా పాత మనిషిని మూలకు కూర్చోబెట్టి రెండో మనిషిని తయారు చేశాను. వరసగా పోసేటప్పుడు ఆలస్యమే కదా తప్పు, అని పాయింట్లన్నీ వేగంలో వేశాను. ఇరవై రెండో లెవెల్ నాటికి అరవై మూడు పాయింట్లు, అరవై మూడూ వేగమే. ఒక చివర నుంచి ఇంకో చివరకు కన్నుమూసి తెరిచేలోపు వడ్డించేసేదాన్ని. కానీ మంత్రంలో ఏమీ వేయలేదు కాబట్టి ఒక్కొక్కరికి చెంచాడు ప్రాణమే అందేది. నా ఒంట్లో కూడా ప్రాణం లేదు. డిసెంబర్ 24న ఒక తేనెటీగ కుట్టింది, చచ్చిపోయాను.

"రాక్షసుడు కాదే, తేనెటీగనే" అని బెల్లంపల్లి పిల్ల మిగతావాళ్లకు వివరించి చెప్పింది. అందరూ చూస్తూనే ఉన్నారు, చెప్పాల్సిన అవసరం లేదు.

అప్పుడు పద్ధతిగా మొదలుపెట్టాను. ఆటలో సాధన కోసం ఒక కట్టె గుంజ ఉంటుంది. ఉదయం పూట దాని దగ్గర నిలబడి ఒక్కో మంత్రాన్ని వంద సార్లు వేసి చూశాను. ఏది ఎంత ఇస్తుంది, ఎంత తీసుకుంటుంది అని నోటుబుక్కులో రాసుకున్నాను. పద్నాలుగు మంత్రాలు, పద్నాలుగు వందల సార్లు. వాటిలో ఎవరూ వాడని మంత్రం ఒకటి దొరికింది. దానికి నేను పంపకం అని పేరు పెట్టుకున్నాను. అది వేస్తే చుట్టూ ఉన్న జట్టంతటికీ ఒకేసారి, ఒకే కొలతలో ప్రాణం అందుతుంది. ముందూ వెనకా లేవు, మంత్రం గడిలో ఏమీ వేయకపోయినా ఆ కొలత తగ్గదు. అయితే అది వేసిన మనిషి సొంత ప్రాణంలోంచి ప్రతిసారీ యాభై తీసుకుంటుంది. అందుకే ఎవరూ దాని జోలికి పోరు.

మూడో మనిషిని తయారు చేసి, బురుజు తెరిచే నాటికి ముప్పై ఒకటో లెవెల్‌కు తెచ్చాను. తొంభై పాయింట్లు. మొత్తం ప్రాణం గడిలోనే వేశాను.

"మంత్రంల?" అని అడిగింది నాయకురాలు.

"సున్నా."

"బలం?"

"సున్నా."

"మేడం, గిది డాక్టరమ్మనా, దర్వాజనా?"

పాయింటుకు ఇరవై చొప్పున పద్దెనిమిది వందలు, పుట్టుకతో వచ్చిన వంద, కలిపి పంతొమ్మిది వందల ప్రాణం. యాభై చొప్పున ముప్పై ఎనిమిది పంపకాలు. అంతస్తుకు ముప్పై చాలని లెక్కగట్టాను. అది వినిపిస్తే పేలాలు నమిలే చప్పుడు కాసేపు ఆగింది, మళ్లీ మొదలైంది.

బురుజుకు ఇంకో నియమం ఉంది. ప్రతి అంతస్తు వాకిట్లో ఒక్కొక్కరూ ఒక సద్ది మూట తినాలి. తిన్నవాళ్ల ప్రాణం నిండుతుంది. తినకపోతే ఉన్నది సగమవుతుంది. మూటలన్నీ వైద్యం చేసే మనిషే ముందుగా వండి కట్టుకోవాలి. లోపల వండటానికి వీల్లేదు. ఆ పని నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. రెండు రోజులు ముందే వండి, కట్టి, మూడుసార్లు లెక్క చూసుకున్నాను.

ఫిబ్రవరి 11, ఆదివారం, ఉదయం పదకొండు గంటల ఐదు నిమిషాలకు లోపలికి వెళ్లాము. నాయకురాలు దుకాణం షట్టర్ సగం దించింది. బెల్లంపల్లి పిల్ల కుక్కర్ దించేసి వచ్చింది. మొదటి అంతస్తు దాటాము. రెండు, మూడు. నేను పంపకం వేస్తున్నాను, ఐదుగురి ప్రాణం చూపే గీతలు దిగినప్పుడల్లా సమానంగా లేస్తున్నాయి. నాలుగో అంతస్తులో నాయకురాలు తిట్టడం మానేసింది. ఆరో అంతస్తులో ఆడబిడ్డ, "ముసలామె మంచిగనే ఆడుతుంది వదినా" అన్నది. ఆ మాట అన్నది పదకొండు యాభై ఎనిమిదికి. ఇదివరకు ఈ జట్టు ఆరు దాటిందే లేదు. ఏడు కూడా దాటాము. ఏడో అంతస్తు చివర నా ప్రాణం ఆరు వందల నలభైకి వచ్చింది. ఫరవాలేదు, తింటే నిండుతుంది.

ఎనిమిదో వాకిట్లో మళ్లీ ఆడబిడ్డ గొంతే వినిపించింది.

"వదినా, మూటలు మూడే ఉన్నయ్."

అద్దాలు సరిచేసుకుని చూశాను. మూడే ఉన్నాయి.

"మేడం, ఎన్ని గట్టిండ్రు?"

"నలభై ఐదు."

"ఎట్ల?"

"ఐదు తొమ్ముల నలభై ఐదు."

"ఆరుగురం మేడం."

"ఐదుగురే గదనే. నువ్వు, నర్సు, బెల్లంపల్లి..."

అక్కడ ఆగిపోయాను. ఇరవై సెకన్లలో పంచాలని తెర మీద అంకెలు దిగుతున్నాయి.

"ముందు నాకియ్యిండ్రి! డాలు నా దగ్గర ఉన్నది!" అని నాయకురాలు మొత్తుకుంది. న్యాయంగా ఆమెకే ఇవ్వాలి. ఆటను చూస్తే అదే సరైన లెక్క, ఇప్పుడు కూడా ఒప్పుకుంటాను. కానీ నా వేలు ఎడమ చివరకు పోయింది. వరసలో మొదటి ముగ్గురూ నర్సు, అక్క, చెల్లె. ముగ్గురికీ తలా ఒకటి. బంతి అక్కడితో అయిపోయింది.

నాయకురాలి ప్రాణం సగమైంది, బెల్లంపల్లి పిల్లదీ సగమైంది. నా ఆరు వందల నలభై మూడు వందల ఇరవై అయింది. అంటే ఆరు పంపకాలు. ఎదురుగా రెండు తలల ఎలుగుబంటి ఉంది. నాలుగు నిమిషాల పది సెకన్లలో అందరం పడిపోయాము.

నర్సు పిల్లే మొదట అడిగింది: "మేడం, మరి మీకు ఎందుకు కట్టుకోలే?"

ఎందుకంటే హాస్టల్ రిజిస్టర్లో వార్డెన్ పేరు ఉండదు. పిల్లల సంఖ్య ఎంతో అంతే బియ్యం, అంతే పప్పు. గిన్నె అడుగున మిగిలినది మా భోజనం. ముప్పై ఒక్క ఏళ్లు ఆ లెక్క ఒక్కనాడు తప్పలేదు. గుణకారంలో ఇప్పుడు కూడా తప్పు లేదు. ఈ మాట వాళ్లకు చెప్పాను.

"ఒక్కల లెక్క తప్పిందని ఒకనాడు మమ్ముల వరండల నిలవెట్టిండ్రు, యాదికున్నదా?" అన్నది నాయకురాలు.

"ఉన్నది. నలభై నిమిషాలు."

"ఒక్కపిల్ల బాత్రూంల ఉండె."

"ఉండె. అది తరువాత తెలిసింది."

"మరి గిప్పుడు మిమ్ముల ఎంతసేపు నిలవెట్టాలె?"

అందరూ నవ్వారు, అక్కాచెల్లెళ్లు కూడా. నేను లేచి నిలబడ్డాను. ఫోన్లో వాళ్లకు నేను కనిపించను, అయినా నిలబడ్డాను. మోకాలి నొప్పి వల్ల ఆరో నిమిషంలో కూర్చున్నాను.

మర్నాడు రెండున్నరకు నాయకురాలు తీర్పు చెప్పింది. "వైద్యం మంచిగ జేసిండ్రు, అది ఒప్పుకోవాలె. గా దర్వాజ బిల్డే లేకుంటె మేం ఏడు ఎక్కకపోదుము. సీటు మీదే."

నేను ఊపిరి పీల్చుకునేలోపే ఇంకో మాట అన్నది. "గని మూటల లెక్క ఇగ మీ చేతిల ఉండది. మా ఆడబిడ్డ సూస్తది."

"ఆమెకు ఎక్కాలు వచ్చునా?"

"రావు. ఫోన్ల లెక్కవెడ్తది. ముందు తనను లెక్కవెట్టుకొని, అటెన్క మిగిలినోళ్లను లెక్కవెడ్తది."

"ఆమె ఆటల లేనే లేదు గదా, తనను ఎందుకు లెక్కవెట్టుకునుడు?"

"ఒక మూట మిగిలితె మంచిదే గదా మేడం."

కింది జాబితాను ఆడబిడ్డకు పంపి, ఆమె చూసి సరే అన్న తరువాతే ఇక్కడ రాస్తున్నాను. పోయినవి ఇవి.

రోజులు, మొదటిదీ చివరిదీ కలిపి: తొంభై ఎనిమిది.

వదిలేసిన మనుషులు: ఇద్దరు. ఒకరు పద్దెనిమిదో లెవెల్, ఒకరు ఇరవై రెండు.

ఏ గడిలోనూ వేయకుండా ఉండిపోయిన పాయింట్లు: మూడు.

బురుజులో పడినందుకు ఆట తీసుకున్న లెవెళ్లు: తలా ఐదు చొప్పున ముప్పై. ఈసారి ఆరుగురినీ లెక్కపెట్టాను.

నాయకురాలి డాలు: ఒకటి. తయారు కావడానికి పదకొండు నెలలు పట్టింది.

సద్ది మూటలు నలభై ఐదు. అన్నీ తిన్నారు కాబట్టి వాటిని నష్టం కింద రాయలేదు.

లెక్క చూసే పని: ఒకటి.