ఆర్డిస్ టీచర్ గదిలో పెర్చ్ చేప

మిన్నెసోటాలో ఆ సరస్సు ఒడ్డు ఊరి పిల్లలు పెన్సిలు కన్నా ముందు చేపలు కోసే కత్తి పడతారు. అలాంటి వాళ్లకు కళ్లకు రక్షణగా గాగుల్స్ లేనిదే కోత పళ్లెం ముట్టుకోవద్దనీ, కత్తెర మొన కిందికి పెట్టి నడవమనీ ఏళ్ల తరబడి నూరిపోసింది ఆర్డిస్ టీచర్. ఆమె సైన్సు గదిలో ఒక్క వేలూ తెగలేదు. ఆ సంగతి అడగకపోయినా చెబుతుంది. చెప్పుకోవాల్సిందే మరి!

ఆ చలికాలం పక్క ఊరి బళ్లో ఎవరో పిల్లాడు చెయ్యి కోసుకున్నాడు. ప్రిన్సిపాల్ డాల్‌కు గుండెల్లో రాయి పడింది. కత్తులూ కత్తెరలూ బీరువాలో పెట్టేసి, చేపను కోసి లోపలి భాగాలు చూసే పాఠం కంప్యూటరులో చూపిద్దామన్నాడు.

"ఒక్క క్లాసు చూసి అప్పుడు తాళం వేయండి," అంది ఆర్డిస్.

చెప్పినట్టే ఆయన తాళంకప్ప పట్టుకుని మరీ వచ్చాడు. పళ్లేల్లో పెర్చ్ చేపలు పెట్టి, బోర్డు మీద బొమ్మ గీసి ఆర్డిస్ ఇటు తిరిగేసరికి ముందు బల్ల దగ్గర సిగ్నె అనే పిల్ల చేతులు తుడుచుకుంటోంది.

"అయిపోయింది టీచర్! ఒక్క ముల్లు లేదు. వేయించేద్దామా?"

పళ్లెంలో రెండు కండ ముక్కలూ నీటుగా ఉన్నాయి. ముళ్లగూడు, పేగులతో సహా, చెత్తబుట్టలో ఉంది. క్లాసంతా గొల్లుమంది. డాల్ మొహం చిట్లించాడు. ఆర్డిస్‌కు ఒళ్లు మండింది, అంతలోనే నవ్వొచ్చింది.

"కుళ్లకుండా మందులో ఊరబెట్టిన చేప తల్లీ అది, తింటే ఆస్పత్రే! నువ్వు పారేసిందే నా పాఠం. తీసుకురా."

సిగ్నె తెచ్చి పెట్టింది. వెన్ను కింద తెల్లటి తిత్తి ఒకటి ఉంది.

"ఇందులో గాలి ఉంటుంది. లోతులోంచి లాగిన చేప పొట్ట ఎందుకు ఉబ్బుతుందే?"

"ఇదా టీచర్ ఉబ్బేది! మా తాత తిండెక్కువై అంటాడే!"

ఇక ఎవరూ నవ్వలేదు. తిత్తి చిట్లకుండా, కత్తెర మొన పైకెత్తి, అందరూ ఊపిరి బిగబట్టి పొట్టలు కోస్తున్నారు. డాల్ ఆగలేక సిగ్నె పళ్లెం మీదికి వంగాడు.

సిగ్నె తలెత్తలేదు. "సార్, గాగుల్స్ పెట్టుకోండి. లేదంటే వెనక్కి జరగండి."

ఆర్డిస్ ఛాతీ ఉప్పొంగింది. ఎన్నేళ్లు గొంతు నొప్పెట్టేలా చెప్పిన మాట అది!

డాల్ బుద్ధిగా వెళ్లి మేకుకు తగిలించి ఉన్న గాగుల్స్ తీసుకున్నాడు. పెట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి కదా, "కాస్త పట్టుకోమ్మా," అని తాళంకప్ప ఆర్డిస్‌కు ఇచ్చాడు.

ఆమె దాన్ని ఆప్రాన్ జేబులో వేసుకుంది. ఆయన మళ్లీ అడగలేదు, ఆమె ఇవ్వలేదు.