ఏరియల్ కట్టిన అప్ప

మొన్న ఆదివారం పొద్దున నెహ్రూ నగర్‌లో మా ఇంటి ముందు తోటకూర తీసుకుంటున్నాను. లోపల ఫోన్ మోగింది. కాసేపటికి మా ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "అప్ప పోనాదంట. తెల్లారగట్ల, నిద్దర్లోనే," అన్నారు. నేను తోటకూర లోపలికి తెచ్చి, కత్తిపీట వేసుకుని, కట్టలన్నీ తరిగాను. అంతా తరిగాక గాని ఆ పూట మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదని తట్టలేదు. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా బరువుగా అనిపించింది. నాలుగు రోజులైంది, ఆ బరువు ఇంకా దిగలేదు.

మా విజయనగరం వైపు అక్కను అప్ప అంటారు. ఆవిడ నాకు తోడబుట్టింది కాదు, బంధువూ కాదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్ మనిషి. భర్త డ్యూటీలో పోతే, ఆ ఉద్యోగానికి బదులుగా ఆవిడకు టెలికాం విభాగంలో ఖలాసీ పని ఇచ్చారు. నిచ్చెనలు మొయ్యడం, గోతులు తవ్వడం, స్తంభాల మీద తీగలు లాగేవాళ్ళకు సామాను అందించడం. అక్కడి ముసలి మెకానిక్ ఒకాయన ఆవిడ చేతి పనితనం చూసి టంకం పెట్టడం నేర్పాడట. నేను కాపురానికి వచ్చేసరికి షెడ్‌లో మగవాళ్ళు కూడా కష్టమైన అతుకు వస్తే ఆవిడ వచ్చేదాకా ఆగేవారు.

డ్యూటీ నుంచి వచ్చాక ఆవిడకొక అలవాటుండేది. చెప్పులు విడిచి గుమ్మం మెట్టు మీద కూర్చునేది. టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఎవరితోనూ మాట్లాడకుండా ఎదురుగోడ చూస్తూ ఉండిపోయేది. ఆ పది నిమిషాలు మా క్వార్టర్ల లైన్లో ఎవరూ ఆవిడను పలకరించేవారు కాదు. తర్వాత తనే లేచి, "అచ్ఛా, ఏటి సంగతులు?" అనేది. అప్పటి నుంచి అందరి మనిషి.

మా ఆయన గూడ్స్ గార్డు. వెళ్తే రెండు మూడు రోజులకు గాని ఇల్లు చేరేవారు కాదు. నాకప్పటికి హిందీ రాదు. పెళ్ళిలో పుట్టింటివారిచ్చిన బ్యాటరీ రేడియో ఒకటే తోడు. అందులో విశాఖపట్నం నుంచి వచ్చే తెలుగు మాట కోసం పొద్దునా సాయంత్రం ముల్లు తిప్పుతూ కూర్చునేదాన్ని. మాట వచ్చేది, అంతలోనే మునిగిపోయేది. మిగిలిందంతా గరగర. ఒకరోజు ఆ గరగర వింటూ ఏడుస్తుంటే అప్ప గోడ మీంచి చూసింది.

ఆవిడ రేడియో విప్పలేదు. దాన్ని పట్టుకుని ఇల్లంతా తిరిగింది. ట్యూబులైటు దగ్గర గోల, స్విచ్చుబోర్డు దగ్గర గోల, పట్టాల మీది కరెంటు తీగల వైపు వెళ్తే ఇంకా గోల.

"దీనికేటీ రోగం లేదు సెల్లీ. గోల మద్దెన కూకోబెట్టి ఇనమంటే ఎలాగ ఇంటాది?" అంది.

ఆ ఆదివారం తన క్వార్టర్ మీద ఒక ఇనప పైపు, మా పెరటి చివర ఒక పైపు నిలబెట్టి, మధ్యలో రాగితీగ లాగింది. చివర్లకు పింగాణీ ముక్కలు కట్టింది, తీగ ఇనుముకు తగలకుండా. అక్కడి నుంచి మా కిటికీకి మామూలు తీగ దించలేదు. కబాడీ బజారులో, పాత సామాన్ల మధ్య వెతికి తెచ్చిన నల్లటి కేబుల్ వాడింది. కోసి చూపించింది: మధ్యలో ఒక్క తీగ, దాని చుట్టూ తెల్లటి ప్లాస్టిక్, దాని మీద జడలా అల్లిన సన్నటి రాగి జాలీ.

"మాట లోపల్నించి వస్తాది. గోల పైజాలీకి తగిలి బూమిలోకి పోతాది," అంది. ఆ జాలీని మా పెరట్లో పాతిన పైపుకు కలిపింది. పైపు చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి నీళ్ళు పోయించింది. కేబుల్ కిటికీలోకి వచ్చేముందు కిందికి ఒక వంపు తిప్పి వదిలింది. అది అందంగా లేదన్నాను. "వాన నీరు తీగెంట జారి నీ ఇంట్లోకొచ్చెయ్యదూ? ఆ వొంపుకాడే కారిపోవాలి," అని నవ్వింది. మా రేడియోకి ఏరియల్ పెట్టే కన్నం లేదు. అందుకని కేబుల్ చివర తీగను రేడియో చుట్టూ నాలుగు చుట్లు చుట్టింది.

ఆ సాయంత్రం విశాఖపట్నం మా వంటింట్లోకి వచ్చింది. ఎవరో నువ్వుల సాగు గురించి చెబుతున్నారు. నాకు నువ్వులతో పనేమీ లేదు. చివరిదాకా విన్నాను.

ఆవిడ దగ్గర నేను ఎన్నోసార్లు విన్న మాట ఒకటుంది. "పైకి కట్టాలి, గోలకి దూరంగా దించాలి, అతుకు గట్టిగా ఎయ్యాలి. తరవాత మన సేతుల్లో లేదు." ప్రతి అతుకునూ వేశాక తన బరువంతా వేసి లాగి చూసేది. ఊడితే విసుక్కోకుండా మళ్ళీ మొదటి నుంచి.

ఆ రోజే ఇంకొకటి కూడా చెప్పింది. మబ్బు పట్టగానే కిటికీ దగ్గరి తీగ విప్పి భూమి పైపుకు తగిలించమని. నాలుగేళ్ళు తగిలించాను. ఒక వేసవి మధ్యాహ్నం మర్చిపోయాను. దూరంగా ఎక్కడో పిడుగు పడింది. కిటికీ దగ్గర నీలంగా ఒక నిప్పురవ్వ చిటుక్కుమంది. అక్కడికి రెండడుగుల్లో మా అమ్మాయి బొమ్మలతో ఆడుకుంటోంది. పిల్లకేమీ కాలేదు. కాని నాకు ఒళ్ళు తెలియలేదు. బయటికొచ్చి లైనంతా వినేలా అరిచాను. "నీ తీగ నా పిల్లని చంపేసేది! ఎవరడిగారు నిన్ను కట్టమని?"

అప్ప అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి మెట్టు మీద కూర్చుంది. తీగ ఎందుకు విప్పలేదని ఒక్క మాట అడగలేదు. "అచ్ఛా సెల్లీ, తీసెస్తాను," అంది. చెప్పులు కూడా వేసుకోకుండా నిచ్చెన ఎక్కి, తీగంతా చుట్టలు చుట్టి, తనింట్లోకి తీసుకుపోయింది. తప్పు నాదేనని నాకు అప్పుడే తెలుసు. అయినా వెళ్ళి చెప్పలేదు. ఒక్కరోజు ఆలస్యం చేస్తే మర్నాడు చెప్పడం ఇంకా కష్టమైంది. అలా ఆరు నెలలు మా మధ్య మాటల్లేవు.

కార్తీకమాసంలో మా ఆయన అమ్మాయిని తీసుకుని తమ్ముడి గృహప్రవేశానికి ఊరెళ్ళారు. తిరిగి రావలసిన రోజున అటు సముద్రతీరంలో తుఫాను కొట్టింది. రైలు రాలేదు. స్టేషన్‌కు వెళ్ళి అడిగితే ఆ దారిలో ఏ బండి ఎక్కడుందో తెలియడం లేదన్నారు. ఫోన్లు పలకలేదు. ఇక్కడ కూడా ఆకాశం మూసుకుని సన్నగా తుంపర. ఇంటికొచ్చి రేడియో పెట్టాను. గరగర తప్ప ఏమీ లేదు. చెవి ఆనించి విన్నాను. "తుఫాను" అన్న ఒక్క మాట తెలిసింది. తర్వాతది కొట్టుకుపోయింది.

సాయంత్రం ఐదు దాటాక అప్ప వచ్చింది. అటు లైన్లన్నీ తెగిపోయి ఆ రోజు షెడ్‌లో ఎవరికీ కూర్చునే తీరిక లేదట. నేను వెళ్ళి ఆవిడ మెట్టు ముందు నిలబడ్డాను.

"మీ ఆయన, పిల్ల అటే ఉన్నారా?" అంది. తలూపాను. ఒళ్ళోని డబ్బా పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. "నిచ్చెన పట్టుకో."

ఆ రోజు ఆవిడ పది నిమిషాలు కూర్చోలేదు.

ఆరు నెలలు మూలన పడి తీగ చివర్లు నల్లబడ్డాయి. బ్లేడుతో గీరింది, రాగి మెరిసేదాకా. కరెంటు లేదు; టంకం కడ్డీ మా కిరసనాయిలు స్టవ్వు మీద కాల్చాను. అతుకు వేసి, లాగి చూసి, కొవ్వొత్తి మైనం కరిగించి పోసి, పైన సైకిల్ ట్యూబు ముక్క చుట్టింది. తుంపరలో నిచ్చెన జారుతోంది. నేను బరువంతా వేసి అడుగున పట్టుకున్నాను. దిగి వచ్చి నాలుగు చుట్లు చుట్టి, రేడియోను గోరంత గోరంత తిప్పింది. గరగర పలచబడింది. దాని అడుగు నుంచి మనిషి గొంతు లేచింది.

లైన్లో సగం మంది మా గదిలోకి వచ్చారు. అందరివీ ఆ వైపు ఊళ్ళే. వార్తల్లో ఒక ప్యాసింజర్ బండిని చిన్న స్టేషన్‌లో ఆపేశారనీ, ప్రయాణికులను పక్కనున్న బడిలో ఉంచి అన్నం పెడుతున్నారనీ, అందరూ క్షేమమనీ చెప్పారు. అది మావాళ్ళ బండే. నేను అప్పను గట్టిగా పట్టుకున్నాను. తర్వాత నీట మునిగిన ఊళ్ళ పేర్లు చదవడం మొదలుపెట్టారు. ఒక పేరు దగ్గర రేడియో మీదున్న ఆవిడ చెయ్యి ఆగింది.

"ఏమైందప్పా?"

"ఏటీ లేదు. మీవోళ్ళు బాగున్నారు కదా. ఎల్లి రెండు మెతుకులు తిను."

నేను వెళ్ళి తిన్నాను. నవ్వుతూ తిన్నాను. వెనక ఆవిడ గొంతు వినబడుతూనే ఉంది. గోలలో సరిగా తెలియని పేర్లను, వచ్చినవాళ్ళ కోసం పైకి మళ్ళీ చెబుతోంది, ఒక్కొక్కటే.

నాలుగో రోజు మా ఆయన, అమ్మాయి వచ్చారు. జరిగిందంతా, అప్ప చెయ్యి ఆగిన ఊరి పేరుతో సహా, చెబుతుంటే ఆయన మధ్యలో ఆపారు. "ఆ ఊరు కూడా మునిగిందా? అప్ప వాళ్ళ అన్న ఉండేది అక్కడే కదే." అన్నేళ్ళు గోడ పక్కన ఉండి, ఆవిడ పుట్టినూరు ఏదో నేనెప్పుడూ అడగలేదు. పరుగెత్తి వెళ్తే క్వార్టర్‌కు తాళం. అటు బయల్దేరిన మొదటి బండిలో వెళ్ళిపోయిందని చెప్పారు.

పన్నెండు రోజులకు తన వదినను వెంటబెట్టుకుని వచ్చింది. అన్న దొరకలేదు. ఇల్లూ లేదు. నేను వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఆరు నెలల నాటి మాట కూడా అప్పుడే చెప్పుకున్నాను, తీగ విప్పడం మర్చిపోయింది నేనేనని. "తెలుసు సెల్లీ," అంది.

"ఆ సాయంత్రం ఎందుకు చెప్పలేదప్పా?"

"ఓపిక లేకపోనాది. సెప్తే ఏడవాలి కదా. నాను ఏడిస్తే మిగతా పేర్లు ఎవులు ఇంటారు?"

ఆ తర్వాత వదినా ఆవిడా ఒక్క గదిలోనే ఉన్నారు. అప్ప రిటైరయ్యాక అదే ఊళ్ళో దయాల్‌బంద్‌లో చిన్న వాటా తీసుకున్నారు. మేమూ కాలనీ వదిలి ఇటు నెహ్రూ నగర్‌ వచ్చేశాం. ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చింది, రేడియో కోసం డాబా ఎక్కేవాళ్ళు లేకుండా పోయారు. నేను వెళ్ళడమూ తగ్గింది. ఇక్కడికి అది ఎంత దూరమని? రిక్షాలో అరగంట. పని, అలసట అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. ఇప్పుడు ఆ మాటలు రాస్తుంటే చెయ్యి సాగడం లేదు.

ఈ చలికాలం ఒకసారి వెళ్ళాను. పదకొండు గంటల వేళ, వాకిట్లో నులకమంచం మీద అప్ప పడుకుని ఉంది. తలకు మఫ్లర్, పాదాలు మాత్రం ఎండలోకి చాపి ఉన్నాయి. దిండు పక్కన రేడియో. స్టేషన్ ఎప్పుడో జారిపోయింది, ఉత్త హోరు. నేను ఆపబోతుంటే పక్కన కూర్చుని మెంతికూర గిల్లుతున్న వదిన చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆపకమ్మా. ఆగిపోతే లెగిసిపోతాది. ఇప్పుడే తొంగున్నాది," అంది.

ఆవిడ పక్కనే పీట మీద కూర్చుని నేనూ కూర గిల్లాను. అప్ప నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఎండ మెల్లగా పాదాల మీంచి మోకాళ్ళ దాకా జరిగి, పాదాలు నీడలో పడ్డాయి. వదిన లేచి, మంచాన్ని చప్పుడు కాకుండా ఒక జానెడు ఎండలోకి లాగి, మళ్ళీ వచ్చి కూర్చుంది.