ఏడో పూస

మ్యూజియంలో మా పెద్దమ్మను అందరూ తుప్పమ్మ అంటారు. ఆవిడా ఆ పేరుకే పలుకుతుంది. పాత ఇనుప వస్తువుల తుప్పు గీకడం ఆవిడ పని. ఇరవై ఆరేళ్లుగా అదే బల్ల, అదే భూతద్దం, వెదురు పుల్లలు, మెత్తటి కుంచెలు. చదివింది ఏడో తరగతి. కనపడ్డ పుస్తకమల్లా నమిలిన నేను అదే చోట కాపలా కాస్తున్నాను. చదువు ఎవరికి అబ్బిందో చూసుకోండి.

ఆవిడ రిటైర్మెంటు వారం ఉందనగా కొత్త ఆఫీసరు ఉల్క పూసల పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. రాయిని కరిగించి ఇనుము తీయడం మనిషికింకా తెలియని కాలంలో, ఆకాశం నుంచి పడ్డ ఇనుమును రేకుగా సాగగొట్టి, గొట్టంలా చుట్టిన పూసలవి. దండకు ఏడు ఉండాలి, ఆరే ఉన్నాయి. ఏడోది తవ్వకాల నుంచి తెచ్చేటప్పుడు దారిలో పోయిందని రిజిస్టరులో ఉంది.

"అమ్మా, సోమవారం పెద్దవాళ్లొస్తున్నారు. వీటిని తళతళలాడించాలి. మరీ మేక పెంటికల్లా ఉన్నాయి," అన్నాడు ఆఫీసరు.

"వద్దు సార్. తుప్పు తీస్తే ఏమీ మిగలదు."

"ఓపిక లేకపోతే చెప్పండి, నేనే రుద్దుకుంటా." తీగ బ్రష్షు అందుకున్నాడు.

పెద్దమ్మ అతని చెయ్యి పట్టుకుంది. ఆఫీసరు చెయ్యి! తర్వాత కుంచెల డబ్బా అడుగు నుంచి మాత్రల సీసా ఒకటి తీసింది. లోపల చిటికెడు ఎర్రటి పొడి.

"ఏడో పూస సార్. దారిలో పోలేదు. కొత్తలో, ఇవి రిజిస్టరుకెక్కకముందే, ఇట్లాంటి బ్రష్షుతోనే నేను రుద్దాను. ఇంకాస్త రుద్దితే మెరుస్తుంది, ఇంకాస్త రుద్దితే మెరుస్తుందని... అరచేతిలోనే పొడైపోయింది. లోపల ఇనుమెక్కడుంది? ఎప్పుడో తుప్పయిపోయింది. ఆ తుప్పే పూస."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"భయం సార్. పారేయడానికేమో చేతులు రాలేదు."

ఒక్క వారం నోరు మూసుకుంటే మచ్చ లేకుండా ఇంటికెళ్లేది, పిచ్చిది. నాకు ఒళ్లు మండింది. కళ్లు కూడా మండాయి.

ఆఫీసరు బ్రష్షు కింద పెట్టి, సీసాను వెలుతురుకెత్తి చూశాడు.

"సంజాయిషీ రాసివ్వాలమ్మా," అన్నాడు. గొంతు మెత్తబడింది. "పూసలు ఇట్లాగే ఉంటాయి. ఆ సీసాకు నెంబరు కూడా మీరే వెయ్యండి."

వస్తువుల మీద నెంబర్లు సన్న కుంచెతో ఆవిడే వేస్తుంది. ఇన్నేళ్లలో ఒక్క అంకె తప్పలేదు. ఆ రోజు ఏడు కాస్తా వంకరపోయింది.

"చెరిపి మళ్లీ వెయ్యి పెద్దమ్మా," అన్నాను.

"ఇంక దేన్నీ రుద్దనురా," అంది సీసాను పూసల పక్కన పెడుతూ.